గంటగారికి మృదంగం వాయించేవాడి మనవి

మహారాజశ్రీ న్యాయనిర్ణేతల బల్ల మీది ఇత్తడి గంటగారికి, పక్కవాద్యగాడు నమస్కరించి రాయునది ఏమనగా –

ఇక్కడ నా వేళ్లు తప్ప అందరమూ క్షేమం. తమరు క్షేమమని నిన్న ఉదయం తొమ్మిదింటి నుంచి రాత్రి ఎనిమిదింటి దాకా వింటూనే ఉన్నాను.

నిన్నటి బాలల శాస్త్రీయ సంగీత, నృత్య పోటీల్లో గాత్రం పిల్లలకు నేనే మృదంగం. యాభై నాలుగు మంది పాడారు. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఒక్క ముక్తాయింపు కూడా నేను పూర్తిగా వాయించలేదు. తమరికి తెలియదేమో, ముక్తాయింపు అంటే ఒకే వరస మూడుసార్లు పలకాలి. మూడోసారి ఆఖరి దెబ్బ సరిగ్గా పల్లవి ఎత్తుగడ మీద వచ్చి పడాలి. అందులోనే ఉంది మజా అంతా. మొదటి రెండూ నన్ను వాయించనిచ్చి, మూడోది తమరే కానిచ్చారు. ‘టింగ్’ అని.

అసలు మోసం తమ పేరులోనే ఉంది. పేరు గంట, ఇచ్చేది అయిదు నిమిషాలు. సబ్ జూనియర్లకైతే నాలుగే.

రాత్రి నిద్ర పట్టక లెక్క వేశాను. కీర్తన నిమిషానికి అరవై అక్షరాల (తాళపు లెక్కల) నడకతో సాగుతోందనుకోండి. ఆది తాళం ఆవర్తనానికి, అంటే ఒక చుట్టుకు, ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది సెకన్లు. అయిదు నిమిషాల్లో 37 ఆవర్తనాలు పూర్తయి, 38వది సరిగ్గా సగంలో ఉంటుంది. మొదటి నాలుగు అక్షరాల లఘువు ముగిసి, తరవాతి రెండక్షరాల ద్రుతానికి చెయ్యి పైకెత్తిన క్షణాన తమరు మోగుతారు. అంటే ఆ నడకలో ఏ పిల్లా, ఎంత సాధన చేసినా, తమ చేత సమం మీద, అంటే ఆవర్తనం మొదటి దెబ్బ మీద, మోగించలేదు. నియమావళి రాసినవారికి తాళం రాకపోయినా ఫరవాలేదు, ఎనిమిదో ఎక్కం వచ్చి ఉంటే బాగుండేది.

తాళం సంగతి అలా ఉంచండి, శ్రుతి మాట ఏమిటి? పంతొమ్మిదో నంబరు పాప అయిదు శ్రుతిని ఆధార స్వరంగా పట్టుకుని పాడుతోంది. ఎనిమిదేళ్లు ఉంటాయి. హాయిగా సాగుతున్న పాట మీద హెచ్చరిక గంట పడింది. తమరి శ్రుతి అయిదున్నరకు కొంచెం పైన. (నిజం, ఇంటికి వచ్చాక సరిచూసుకున్నాను.) పెద్దలు చేసిన శబ్దం కదా, ఇదే సరైనది కాబోలు అనుకుంది ఆ పిల్ల, మారు మాట్లాడకుండా తమ షడ్జాన్నే (‘స’నే) పట్టుకుంది. శ్రుతిపెట్టె అయిదులో, పాప అయిదున్నరలో, నేను మధ్యలో. శ్రుతిశుద్ధి కింద మార్కులు తగ్గించారు. పాపకే.

ఇంతకంటే ఘనకార్యం తమరు వేదిక దిగువన చేస్తున్నారు. ఇప్పుడు పాఠాలు కూడా తమ కనుసన్నల్లోనే నడుస్తున్నాయి. తోడి రాగాలాపనకు ముప్పై సెకన్లు కేటాయించి నేర్పుతున్నారు. మా గురువుగారు తోడిలో గాంధార స్వరం తలుపు తట్టడానికే అంతకంటే ఎక్కువసేపు తీసుకునేవారు, అదీ వెంటనే లోపలికి వెళ్లేవారు కాదు. ఒకే పాదాన్ని రకరకాలుగా పాడుతూ విస్తరించే నెరవు సంగతి చాలామంది పిల్లలు వినలేదు. కీర్తన ఎంపికలో భావం, రాగం వెనకబడి, నిడివి ముందుకొచ్చింది. చరణాలు ఎక్కువున్న త్యాగరాజ కీర్తన అయితే మొదటి చరణంతోనే సరిపెడుతున్నారు. ఆయన ముద్ర ఉండేదేమో ఆఖరి చరణంలో. ఆ మహానుభావుడు సంతకం పెట్టేలోపే తమరు కాగితం లాగేసుకుంటున్నారు.

నృత్యం పిల్లలతో నాకు పని లేదు. వాళ్లు పెన్ డ్రైవులో పాట తెచ్చుకుంటారు, కత్తెర వేయించుకునే వస్తారు. అయినా పక్కన కూర్చుని చూశాను. జడ అల్లి, పూలు చుట్టి, ముఖానికి రంగు వేయడానికి గంటన్నర, ఆడటానికి అయిదు నిమిషాలు. భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడ వేసి తన రాకను చాటే సంప్రదాయం ఒకటి ఉంది. తెల్లవార్లూ ఆడే రోజుల్లో ఆమెకు తొందరేమీ లేదు. ఇప్పుడైతే జడ ఇవతలికి వచ్చేసరికి మొదటి గంట, మనిషి వచ్చేసరికి రెండో గంట. తరంగం ఎత్తుకున్న అమ్మాయి పళ్లెం అంచుల మీద కాళ్లు ఆనించి, నాలుగడుగులు జరిపిందో లేదో, మోగారు. ఆ పళ్లెమూ ఇత్తడే, తమరూ ఇత్తడే. కాస్త బంధుప్రీతి అయినా ఉండాలి కదా.

గోల్కొండ తానీషా కూచిపూడి వారి ఆట చూసి ముచ్చటపడి ఊరినే అగ్రహారంగా రాసిచ్చాడని చెబుతారు. ఆయన పక్కన బల్ల మీద తమరు లేరు, అది వాళ్ల అదృష్టం. ఉండి ఉంటే ఊరికి బదులు ప్లాస్టిక్ షీల్డూ, పేరులో అక్షరదోషం ఉన్న ప్రశంసాపత్రమూ దక్కేవి. మంగళంపల్లి మురళీకృష్ణ అనే ఎనిమిదేళ్ల పిల్లవాడు విజయవాడలో త్యాగరాజ ఆరాధనకు కచేరీ చేస్తే, విన్న హరికథకులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ ఆ పేరుకు ముందు ‘బాల’ అని చేర్చారు. తమ ఏలుబడిలో పేరుకు ముందు చెస్ట్ నంబరు చేరేది.

తమరు లేకపోతే యాభై నాలుగో పిల్ల అర్ధరాత్రి పాడాల్సి వచ్చేదని నిర్వాహకులు అన్నారు. కాదనను. అంతమందిని ఒకే రోజులో కుదించడం తమ తప్పు కూడా కాదు. ఇంకొకటి ఒప్పుకుంటాను: రెండుసార్లు తమరు మోగినప్పుడు లోలోపల దండం పెట్టుకున్నాను. ఆ ఇద్దరి పేర్లు అడగవద్దు.

ముఖ్య అతిథి ఉపన్యాసం వేళ తమరు ఎక్కడున్నారని కూడా అడగను. చూశాను. శాలువాల కింద ఉన్నారు.

ఇక నా మనవి. తమరిని మానేయమని చెప్పేంతటివాడిని కాను. మోగండి, కాకపోతే సమం చూసుకుని మోగండి. పిల్ల ఎత్తుగడకు వచ్చేదాకా ఓ నాలుగు అక్షరాలు ఆగితే కొంప మునిగేదేమీ లేదు. తాళం తెలియదంటారా, నేర్పుతాను. ఈ ఆదివారం ఉదయం ఆరింటికి మా ఇంటికి దయచేయండి. దక్షిణ వద్దు. ఒక దెబ్బ, మూడు వేళ్లు, ఆపైన దెబ్బా విసురూ రెండుసార్లు – ఆది తాళంతోనే మొదలుపెడదాం.

పాఠం గంటసేపు ఉంటుంది. మధ్యలో మోగకూడదు.

ఇట్లు,
మూడో ముక్తాయింపు బాకీ ఉన్న
పక్కవాద్యగాడు