ఆటలో అరటిపండుకూ ఒక బల్ల

మొన్న మన సంఘం సంక్రాంతి సంబరాల్లో యువజన విభాగం వారు పెట్టిన వీడియో గేమ్ పోటీ దగ్గర, కొడుకు ఇంటికి చూడవచ్చిన ఒక పెద్దావిడ తానూ ఒకసారి ఆడవచ్చా అని అడిగారు. "ఇది సీరియస్ గేమర్లకు, ఆంటీ, ముగ్గుల పోటీ అటువైపు" అని అక్కడి కుర్రవాడు దారి చూపించాడు. ఆవిడ నవ్వుతూనే వెళ్లారు కానీ, నాకు ఆ పూట అరిసె సయించలేదు.

సీరియస్ గేమర్లకూ మిగతావారికీ మధ్య ఈ గీత కొత్తది కాదు. 2006 నవంబరులో అమెరికాలో రెండు రోజుల తేడాతో రెండు కన్సోళ్లు, అంటే టీవీకి తగిలించి ఆడుకునే గేమ్ పెట్టెలు, విడుదలైనప్పుడు, ప్లేస్టేషన్ 3 ధర 499 డాలర్ల దగ్గర మొదలవగా, నింటెండో కంపెనీ వారి వీ (Wii) 250 డాలర్లకే వచ్చింది. అంతకు ఏడాది ముందు వచ్చిన ఎక్స్‌బాక్స్ 360, ప్లేస్టేషన్ హెచ్‌డీ చిత్రాల కోసం పోటీపడుతుంటే, ఆ హంగు లేని వీ, చేయి ఊపితే ఆడే రిమోట్‌ను నమ్ముకుంది. హార్డ్‌కోర్ గేమర్లు చాలామంది చిన్నచూపు చూసిన ఆ పెట్టె 10 కోట్లకు పైగా అమ్ముడై ఆ ఇద్దరినీ దాటింది.

2008లో నా రెండో కాన్పుకు అమ్మ తెనాలి నుంచి వచ్చింది. టీవీ రిమోటే ముట్టని మనిషికి మా ఐదేళ్ల పెద్దది వీలో బౌలింగ్, అదే బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే ఆట, నేర్పింది. తెర మీద అమ్మమ్మగా ఆడే బొమ్మ ముఖాన పుట్టుమచ్చను నుదుటి మధ్యకు జరిపి, బొట్టు కూడా పెట్టింది. గాజుల నడుమ రిమోట్ తాడు బిగించుకుని అమ్మ చేయి ఊపేది. బటన్ ముందుగా వదిలేసినప్పుడు బంతి వెనక్కి పడి, తెరలోని జనం ఉలిక్కిపడితే, "అయ్యో, తగిలిందా నాయనా" అని వాళ్లను పరామర్శించేది. నెల తిరిగేసరికి మా వారిని ఓడించింది.

మన వీధుల్లో చిన్నపిల్లలను ఆటలో అరటిపండుగా చేర్చుకునేవాళ్లం. ఆ ఆదరణను నేను ఎంత మురిపెంగా తలచుకున్నా, అరటిపండు ఔటైనా లెక్క లేదు, గెలిచినా లెక్క లేదు. వీ ముందు అమ్మ అరటిపండు కాదు; ఆమె స్కోరు స్కోరే.

యువజన విభాగం పిల్లల వాదనలోనూ న్యాయం ఉంది. వాళ్లు ఆట ముందు సంగీత సాధనలా గంటల తరబడి కూర్చుంటారు. కాలక్షేపపు జనం ఫోన్లకు మళ్లాక, 2012లో వీ తర్వాతి పెట్టెగా వచ్చిన వీ యూ అమ్మకాలు 1.36 కోట్ల దగ్గరే ఆగిపోయాయి. అలాంటి జనాన్ని నమ్ముకోవడం వ్యాపారికి కష్టమే. కానీ మనం నడిపేది వ్యాపారం కాదు కదా!

అందుకే కార్యవర్గానికి నా విన్నపం: ఉగాదికి పోటీ బల్లలు ఎన్నయినా పెట్టండి, భోజనాల వరుసకు దగ్గరగా ఒకదాని మీద మాత్రం బౌలింగ్ ఉంచండి. నింటెండో వారి కొత్త తరం పెట్టె స్విచ్ ఉన్నవారు తెస్తే సరే, లేకుంటే మా బేస్‌మెంట్‌లోని పాత వీ, బ్యాటరీలు నేను తెస్తాను. పేర్ల పట్టికలో అమ్మమ్మలకూ తాతయ్యలకూ స్కోరు గడి గీయడం మరవకండి.