టమాటా అవునా కాదా, ధరల బోర్డును అడగండి

పెరట్లో ఎవరూ నాటని మొక్క ఒకటి లేస్తుంది. చూడ్డానికి అచ్చం టమాటాలా ఉంటుంది. అది ఏమిటో తేల్చడానికి వృక్షశాస్త్రం అక్కర్లేదని నా దృఢమైన అభిప్రాయం. రైతుబజార్ గేటు దగ్గర ధరల బోర్డు చూసి వస్తే సరిపోతుంది.

2023 జులై గుర్తుందా? మదనపల్లె మార్కెట్‌లోనే కిలో వంద దాటింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాయితీ మీద 50 రూపాయలకు అమ్మిస్తే జనం క్యూలు కట్టారు. ఆ నెలంతా మా కాలనీలో కలుపుమొక్క అన్నదే లేదు. కామంచి టమాటాయే, బుడ్డకాశ టమాటాయే. గోడవార లేచిన ఉమ్మెత్తకు కూడా కర్ర పాతి, పాత చీర అంచు చింపి మెత్తగా కట్టి, "హైబ్రిడ్ అయ్యుంటుందండీ" అన్నారు. అదే పత్తికొండ రైతు కోత కూలి కూడా గిట్టక పండును రోడ్డు పక్కన పారబోసే రోజుల్లో, అసలు సిసలు టమాటా మొక్క కుండీలో మొలిచినా దోమలొస్తాయని పీకి పారేస్తాం.

శాస్త్రవేత్తలకు ఇది నచ్చకపోవచ్చు. కానీ మన పక్షాన తీర్పే ఉంది. అమెరికాలో 1883 నాటి సుంకాల చట్టం కూరగాయల దిగుమతి మీద 10 శాతం పన్ను వేసి, పండ్లను వదిలేసింది. టమాటాలు తెప్పించే వ్యాపారి ఒకాయన, ఇది పండు మహాప్రభో అని కోర్టుకెక్కాడు. 1893లో సుప్రీంకోర్టు ఏమందంటే, శాస్త్రం ప్రకారం పండే కావచ్చు, జనం మాత్రం భోజనంలోకే వాడుతున్నారు, కాబట్టి కూరగాయే, పన్ను కట్టు. డబ్బు లెక్కతో అంత పెద్ద కోర్టే తేల్చగా లేనిది, మన కాలనీ సంఘం తేలిస్తే తప్పేమిటి?

పోనీ శాస్త్రమైనా ఒక మాట మీద నిలబడిందా? 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ టమాటాను వంకాయ, కామంచిలతో కలిపి ఒకే ప్రజాతిలో, అంటే దగ్గరి చుట్టాల గుంపులో పెట్టాడు. మరుసటేడే ఇంగ్లండ్ వృక్షశాస్త్రవేత్త మిల్లర్ దానిచేత వేరు కాపురం పెట్టించాడు. డీఎన్ఏ పరీక్షలు వచ్చాక మళ్లీ ఉమ్మడి కుటుంబంలోకి తెచ్చారు. ఫోన్‌లో యాప్ సంగతి సరేసరి. పొద్దున ఫొటో తీస్తే ఒక పేరు, దీపాలు పెట్టాక తీస్తే ఇంకో పేరు.

ఇంత జరిగినా, మొక్కను మొక్కగా చూడమనే మొండివాళ్లు కొందరున్నారు. ఆకు నలిపి వాసన చూడండంటారు. టమాటా అయితే ఆ ఘాటు వేళ్లను పట్టుకుని వదలదు, పసుపుపచ్చ మరక కూడా అంటుతుంది. ఆకు చీలి చిన్న చిన్న ఆకులుగా ఉంటుంది, కాండమంతా నూగు, పువ్వు పసుపు. కామంచికి ఆకు చీలదు, పువ్వు తెలుపు, బఠాణీ అంత కాయలు పండితే నల్లబడతాయి. బుడ్డకాశకు పువ్వు పసుపే గానీ కాయ చుట్టూ పలచని బుడ్డ ఉంటుంది. ఉమ్మెత్తకు బాకా లాంటి పువ్వు, ముళ్ల కాయ. నోట్లో పెట్టుకుంటే ఆస్పత్రే. తేలేదాకా దేన్నీ తినొద్దని కూడా అంటారు, ఆ ఒక్క మాటతో నాకు పేచీ లేదు.

కానీ రెండు నిమిషాల్లో తేలిపోయేదానికి ఇక చర్చ ఎక్కడిది, టెన్షన్ ఎక్కడిది? మొన్న ఎదురింటి బాబాయిగారి కుండీలో పువ్వులు పూశాయి. "తెల్లగా ఉన్నాయేం బాబాయిగారూ, కామంచేమో" అన్నాను.

"ఎండకి రంగు వెలిసిందమ్మా. కిలో ఎనభై ఉంది, నువ్వు దాని జోలికి వెళ్లకు."