గ్యాస్ మాత్ర గారి దివ్యసముఖమునకు

మహారాజశ్రీ గ్యాస్ మాత్ర గారికి,

మధ్యాహ్నమంతా వెయిటింగ్ హాల్లో కూర్చోబెట్టి ఇప్పుడే చీటీ చేతికిచ్చారు. చూస్తే పిల్ల ఆస్తమాకి మళ్లీ తమరే. ఈసారి రెండు పూటలా దయచేస్తున్నారట. తమరి కోసం రోజూ పిల్లని అరగంట ముందే లేపుతున్నాం, ఆ సంగతి అలా ఉంచండి. రాత్రి పిల్లికూతలు మాత్రం తగ్గలేదు.

తమరి కథ వినడానికి బాగానే ఉంటుంది. కడుపులోని ఆసిడ్ పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి చుక్కలుగా జారుతుందట. జారకపోయినా, అన్నవాహికలో మంట పుడితే నరాల ద్వారా కబురెళ్లి గాలిగొట్టాలు బిగుసుకుంటాయట. కాదనను. కానీ దగ్గూ ఆయాసమే ఆసిడ్‌ని పైకి నెట్టడమూ ఉంది కదా! దొంగెవరో తేలకముందే తమరికి పోలీసు ఉద్యోగం ఇచ్చేశారు.

మా పిల్లకి ఛాతీలో మంట లేదు, పుల్లటి తేన్పులు లేవు. ఆ మాటంటే ‘సైలెంట్ రిఫ్లక్స్’ అన్నారు, అంటే చప్పుడు చేయకుండా ఆసిడ్ పైకి తన్నడమట. ఏ లక్షణమూ లేకపోవడమే లక్షణమైతే మా ఇంటి గోడకీ ఆ జబ్బున్నట్టే.

ఇలాంటి పిల్లల మీదే అమెరికాలో తమరి జ్ఞాతి లాన్సోప్రజోల్‌ని పరీక్షించి 2012లో ఫలితం ప్రకటించారు. ఇన్‌హేలర్ స్టెరాయిడ్ వాడుతున్నా ఆస్తమా లొంగని 306 మంది, 24 వారాలు. సగం మందికి అసలు మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. ఆస్తమాలో తేడా లేదు. ముక్కులోంచి గొట్టం వేసి చూస్తే ఆసిడ్ పైకొస్తోందని తేలిన పిల్లల్లోనూ లేదు. పైగా అసలు మాత్ర మింగినవాళ్లకే జలుబులూ గొంతునొప్పులూ ఎక్కువ!

పోనీ, అదీ వదిలేద్దాం. ఇన్ని చీటీలు రాశారే, ‘ఏదమ్మా, పఫ్ ఎలా పీలుస్తావో చూపించు’ అని ఒక్కరైనా అడిగారా? ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం, అదే స్పేసర్, సరిగ్గా పట్టుకుంటోందా, మందు లోపలికి వెళ్తోందా, గొంతులోనే ఆగిపోతోందా? రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు మిగుల్చుకోవడానికి నిన్ను రాస్తున్నారు. నువ్వు సిగ్గులేకుండా వచ్చి కూర్చుంటున్నావు. ఇంట్లో ఎవరైనా సిగరెట్ కాలుస్తారా అని కూడా అడగలేదు, నువ్వు మాత్రం రెండు పూటలా!

నిజంగా గుండెల్లో మంటతో నిద్రపట్టని పిల్లలుంటారు. వాళ్ల దగ్గర నువ్వు దేవుడివే, ఒప్పుకుంటాను. వెళ్లి వాళ్లని చూసుకో.

ఈసారి ఇన్‌హేలరూ స్పేసరూ డాక్టరుగారి బల్ల మీద పెట్టి, పిల్ల పీల్చేది ఆయన కళ్లారా చూసేదాకా కుర్చీలోంచి లేవను. నీ సంగతి ఆ తర్వాత.

ఇట్లు,
నిద్రలేని ఓ అమ్మ