డిక్కీ సందు గారి బదిలీ విషయమై

మహారాజశ్రీ కుడి టెయిల్‌లైటుకీ డిక్కీకీ నడుమ నివాసముంటున్న సందు గారికి, శ్రీకాకుళం నుంచి కారు ఓనరు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. కారు క్షేమం, నేనూ క్షేమం. మీరు మాత్రం రోజురోజుకీ ఒళ్లు చేస్తున్నారు. గొడవంతా అక్కడే.

ఎడమ పక్కనున్న మీ తమ్ముడు బుద్ధిమంతుడు. పైనుంచి కిందిదాకా ఒకటే మందం. సందుల మందం కొలిచే ఫీలర్ గేజు కొనుక్కోని మాలాంటి వాళ్లకి పర్సే గేజు. ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు, ఏ బ్యాంకుదైనా అంతే. మీ తమ్ముడి దగ్గర ఎక్కడ పెట్టినా సరిగ్గా నాలుగు కార్డులు దిగుతాయి, అయిదోది దిగదు. మీ దగ్గరో? పైన రెండు కార్డులకే ఊపిరాడదు. కిందికొచ్చేసరికి ఏటీఎం, పాన్, లైసెన్సు, ఆర్సీ, పీవీసీ ఆధార్, మా ఆవిడ ఆధార్ అన్నీ కలిపి దూర్చినా ఇంకా గాలి ఆడుతుంది. ప్రభుత్వం నాకిచ్చిన గుర్తింపులన్నీ మీలో పట్టేశాక ఇక మిమ్మల్ని గుర్తించకుండా ఎలా ఉండమంటారు?

మీ జన్మవృత్తాంతం మీకు తెలిసిందే. ఏడు రోడ్ల కూడలిలో ఆగి ఉన్న కారుని వెనకనుంచి ఒక ఆటో వచ్చి పలకరించింది. డ్రైవరు దిగి, సొట్ట మీద ఒకసారి చెయ్యి వేసి, "ఏటీ అవ్వలేదు బాబూ" అని తీర్పు చెప్పి వెళ్లిపోయాడు. తర్వాత ఒక షెడ్డులో టింకరింగు, లప్పం, పెయింటు అన్నీ జరిగాయి. రంగు కలిపిన మేస్త్రీకి దండం పెట్టాలి, పాత రంగేదో కొత్త రంగేదో ఎండలో చూసినా తెలీదు. బండి ఇచ్చేరోజు కుడిపక్క గోడకి ఆనించినంత దగ్గరగా పెట్టి ఇచ్చారు. స్థలాభావం అనుకున్నాను. వెనక్కి తీసుకెళ్లి మిమ్మల్ని చూపిస్తే, "అది కంపెనీ ఫిట్టింగే సార్, అలగే వస్తాది" అన్నారు. కంపెనీ వాడు ఎడమపక్క ఒకలాగ, కుడిపక్క ఒకలాగ ఎందుకు బిగిస్తాడో అడిగితే టీ తెప్పించారు.

సందు ఉండటమే నేరమని నేననను. తలుపన్నాక తెరుచుకోవాలి, మూసుకోవాలి. గోతుల్లో బండి మెలితిరిగితే రేకులు ఒకదాన్నొకటి రాసుకోకూడదు. వేసవిలో రేకు సాగుతుంది, ప్లాస్టిక్ బంపరు రేకు కంటే కొన్ని రెట్లు ఎక్కువ సాగుతుంది. అందుకే కంపెనీ వాడే మీ జాతికి జాగా వదిలాడు. బోల్టు కన్నాలు కూడా బోల్టు కంటే పెద్దవిగా పెట్టాడు, అటూ ఇటూ జరిపి సరిచూసుకోవడానికి. మీరు ఉండండి, కానీ పైనా కిందా ఒకేలా ఉండండి. నేను కోరింది అంతే.

అది మీకు రుచించలేదు కాబట్టే ఆదివారం పూట పానా పట్టాల్సి వచ్చింది. ముందు మీ శాఖలో ఎవరెవరు ఏ హోదాలో ఉన్నారో చూశాను. వెనక చక్రం మీద ఉండే క్వార్టర్ ప్యానెల్ గారు పర్మినెంటు ఉద్యోగి. బాడీకి వెల్డింగై పుట్టారు, రిటైరయ్యేదాకా కదలరు. టెయిల్‌లైటు, డిక్కీ, బంపరు అందరూ బోల్టుల మీద బతికే కాంట్రాక్టు వాళ్లు. కాబట్టి కదలని ఆయన దగ్గర మొదలుపెట్టి, కదిలేవాళ్లని ఒక్కొక్కరినే ఆయనకి సర్దాలి. ముందు లైటు, తర్వాత డిక్కీ, చివర్లో బంపరు. మా షెడ్డు వారు బంపరు నుంచి మొదలెట్టారని నా అనుమానం.

డిక్కీ ఎత్తితే లైటు లోపలి అంచున రెండు బోల్టులు. అవి విప్పాక కూడా లైటు రాదు. బయటివైపు ఒక ప్లాస్టిక్ పిన్ను బాడీలోని బుష్‌లో, అంటే దాన్ని పట్టి ఉంచే గుంటలో, దిగి ఉంటుంది. స్క్రూడ్రైవరుతో పక్కకి మీటితే పిన్నూ పోతుంది, పెయింటూ పోతుంది. అంచుకి మాస్కింగ్ టేపు వేసి, నేరుగా వెనక్కి లాగాలి. లాగి చూద్దును కదా, షెడ్డు వారి హస్తకళ బయటపడింది. పిన్ను బుష్‌లో దిగనే లేదు, దాని పెదవి మీద కూర్చుంది. లైటు వెనక నీళ్లు రాకుండా ఆపే నురుగు గాస్కెట్ కింది మూల మడతపడి రెండింతలైంది. ఆ మడతలో కొత్త పెయింటు గడ్డకట్టి, గోటితో గీకితే అట్టులా లేచింది. దాని కింద నుంచి నీటి చార ఒకటి స్టెప్నీ గోతిదాకా. వానాకాలంలో డిక్కీ ముక్కవాసన ఎందుకు వేసిందో అప్పుడు బోధపడింది. మేమింతకాలం మా అత్తగారిచ్చిన ఎండు చేపల్ని అనుమానించాం.

గాస్కెట్ మడత విప్పి, పిన్ను టక్కుమని దిగేదాకా అరచేత్తో నొక్కి, బోల్టులు అదోకాస్త ఇదోకాస్త బిగించాను. ఇక్కడ బలప్రదర్శన పనికిరాదు, ప్లాస్టిక్ చెవులు పగులుతాయి. లైటు వచ్చి బాడీతో సమంగా కూర్చుంది. వేలితో రాస్తే మెట్టు తగల్లేదు. మీరు సగం చిక్కారు.

మిగతా సగం డిక్కీ గారి పుణ్యం. ఆవిడ కీళ్లు కప్పు దగ్గర ఉంటాయి. వదులు చేసేముందు బోల్టుల చుట్టూ మార్కరుతో గీత గీసుకోవాలి, లేకపోతే పాత చోటేదో దేవుడికే తెలియాలి. కింద తాళం పట్టుకునే కొక్కేన్ని కూడా వదులు చెయ్యాలి, లేకపోతే మనం పైన ఎటు జరిపినా మూసేటప్పుడు అది తనవైపుకి లాక్కుంటుంది. డిక్కీ బరువు ఒక్కడి వల్ల కాదు కనక మా బావమరిదిని పిలిచాను. "కాస్త ఎడమకి" అన్నాను. "నీ ఎడమా, నా ఎడమా బావా?" అన్నాడు. ఇద్దరం ఒకే పక్క నిలబడి ఉన్నాం.

ఆ తర్వాత మీరు చేసిన రాజకీయం ఉంది చూశారూ. డిక్కీ అలా జరిగిందో లేదో మీరు చక్కగా నాలుగు కార్డులకి దిగొచ్చారు. ఆనందంగా ఎడమపక్కకి వెళ్లి చూస్తే, పొద్దున్నదాకా బుద్ధిమంతుడైన మీ తమ్ముడు బొర్ర తీసి నిలబడ్డాడు. ఆయన్ని సర్దితే కప్పు దగ్గర మెట్టు లేచింది. మెట్టు దించితే మీరు బంపరు మీద తేలారు. తీసెయ్యడానికి వీల్లేదు, బదిలీ ఒక్కటే మార్గం. ఆర్డరు చేతికి రాకముందే మీకు కొత్త చోట క్వార్టర్సు కూడా సిద్ధం. మీ పైరవీ ఎవరి దగ్గరో చెప్పండి, నాకూ ఒక పనుంది.

మధ్యలో మా ఆవిడ వచ్చి, "ఆ సందులో ఏటున్నాదని పొద్దున్నుంచీ అలగ చూస్తన్నారు?" అంది. చూపించాను. "ఏదీ?" అంది. మళ్లీ చూపించాను. "బాగానే ఉన్నాది కదా" అని లోపలికి పోయింది. మీరు నెగ్గేది ఇలాంటి సాక్షుల వల్లే.

మాకు నాలుగడుగుల దూరంలో అరసవల్లి ఉంది. మార్చిలో, అక్టోబరులో పొద్దున్నే సూర్యకిరణాలు గోపురం దాటి, అనివెట్టి మండపం స్తంభాల నడుమ నుంచి వచ్చి స్వామి పాదాల మీద పడతాయి. పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి వచ్చే వెలుతురుకి దారి సరిచూసి కట్టిన స్థపతులున్న ఊరండీ ఇది. ఆ ఊళ్లో మూడు మిల్లీమీటర్ల కోసం నేను బంపరు కింద పడుకున్నాను. పైగా ఆ సూర్యుడే మీ పక్షం. పొద్దుట ఏడింటికి సరిగ్గా కుదిర్చిన బంపరు అంచు, మధ్యాహ్నం ఎండకి సాగి మళ్లీ మిమ్మల్ని ఒత్తింది. అందుకే కొలత ఏదైనా నీడలో, బండి చల్లారాకే తియ్యాలని నిర్ణయించాను.

చివరికి డిక్కీ మూలల్లో ఉండే రబ్బరు స్టాపర్లని కాస్త తిప్పి ఎత్తు సమం చేసి, కొక్కేన్ని అన్నిటికంటే ఆఖర్న బిగించాను. చుట్టూ ఉన్న రబ్బరు బీడింగు దగ్గర పాత పేపరు ముక్క పెట్టి డిక్కీ మూసి లాగాను. ప్రతి చోటా గట్టిగానే పట్టింది. జారితే నీళ్లకీ దారి ఉన్నట్టే. బోల్టుల కింద పెయింటు లేచిన చోట టచప్ కూడా అద్దాను. 193 కిలోమీటర్ల తీరమున్న జిల్లాలో రేకుని దిగంబరంగా వదిలితే ఉప్పుగాలి ఊరుకోదు.

కాబట్టి తమరికి తెలియజేయునది ఏమనగా, ప్రస్తుతానికి తమ పోస్టింగు బంపరు అడుగున, సైలెన్సరు పక్కన. బురదా, వేడీ ఉంటాయి. రోడ్డు మీద ఎవరూ మోకాళ్ల మీద కూర్చుని చూడరు కనక పరువుకి లోటు లేదు. అక్కడినుంచి పైకి రావాలని అర్జీ పెట్టకండి.

ఇంకో మాట. మా బావమరిది కొత్త కారు గేటు ముందే ఉంది. పని అయ్యాక చేతులు కడుక్కుంటూ అలవాటుగా అటు చూశాను. ఎడమ టెయిల్‌లైటు పక్కన మీ దగ్గరి చుట్టమే, షోరూం నుంచే వచ్చి దర్జాగా కూర్చుని ఉన్నాడు. వాడికి చూపించాను. "ఏదీ?" అన్నాడు. పర్సు తీసి కార్డులు దూర్చి చూపించాను. వాడు ఆరోజు భోజనానికి ఉండలేదు. ఫోను కూడా ఎత్తట్లేదు. నా పానా సెట్టు, మార్కరు, మాస్కింగ్ టేపు వాడి దగ్గరే ఉన్నాయి.

ఇట్లు,
తమ మాజీ ఇంటి యజమాని,
శ్రీకాకుళం