సరిచూసుకునే ఆదేశాలకూ చోటివ్వాలి

సిస్కో రౌటర్‌ను (నెట్‌వర్క్‌లను కలిపే పరికరాన్ని) ఆదేశాలతో అమర్చడం గురించిన వ్యాసం చదివాను. రౌటర్‌కు పేరు పెట్టడం మొదలుకొని ఇంటర్‌ఫేస్‌కు (కేబుల్ తగిలించే పోర్టుకు) ఐపీ చిరునామా ఇవ్వడం వరకు వ్యాసకర్త వరుసగా చూపిన తీరు బాగుంది. అయితే ఇచ్చిన ఆదేశం పనిచేసిందో లేదో తెలుసుకునే పద్ధతిని ఒక్క వాక్యంతో దాటవేయడం వెలితిగా అనిపించింది. చిరునామా సరిగ్గానే ఇచ్చినా, రౌటర్ ఇంటర్‌ఫేస్‌లు సాధారణంగా మొదట మూసి ఉంటాయి కనుక, వాటిని తెరిచే ‘నో షట్‌డౌన్’ ఆదేశం ఇచ్చేదాకా పింగ్‌కు (ఆ చిరునామా అందుతోందా అని చూసే పరీక్షకు) జవాబు రాదు. అప్పుడు ‘షో ఐపీ ఇంటర్‌ఫేస్ బ్రీఫ్’ అని అడిగితే ‘అడ్మినిస్ట్రేటివ్‌లీ డౌన్’ (అమరికలోనే మూసి ఉంది) అని రౌటరే చెబుతుంది. ఆ మొదటి మాట లేకుండా ‘డౌన్’ అని మాత్రమే ఉంటే కేబుల్‌నో అవతలి పరికరాన్నో చూడాలి. రెండు రౌటర్లను నేరుగా కలిపే సీరియల్ లింకుపై స్టేటస్ ‘అప్’గా ఉండి ప్రోటోకాల్ ‘డౌన్’ అయితే, రెండు చివరలా ఎన్‌క్యాప్సులేషన్ (డేటాను చుట్టి పంపే పద్ధతి) ఒకటేనా, క్లాక్ రేట్ (లింకు వేగాన్ని నిర్ణయించే అమరిక) అమర్చారా అన్నవి పరిశీలించాలి.

రౌటర్‌లో మార్పులు చేసే స్థాయికి ప్రవేశాన్ని కాపాడే ‘ఎనేబుల్ పాస్‌వర్డ్’ ఆదేశాన్ని నేర్పకపోయినా నష్టం లేదు. ఆ పాస్‌వర్డ్ కాన్ఫిగరేషన్‌లో (రౌటర్ అమరికల జాబితాలో) మామూలు అక్షరాల్లోనే కనిపిస్తుంది. దాన్ని మరుగుపరచే ‘సర్వీస్ పాస్‌వర్డ్-ఎన్‌క్రిప్షన్’ ఆదేశం చేర్చినా, టైప్ 7 అనే ఆ మరుగును తేలికగా విప్పవచ్చు కాబట్టి, కొత్తవారికి మొదటి నుంచీ, పాస్‌వర్డ్‌ను అంత తేలికగా విప్పలేని రూపంలో దాచే ‘ఎనేబుల్ సీక్రెట్’ అలవాటు చేయడమే మంచిది.

మార్పులన్నీ ర్యామ్‌లోని రన్నింగ్ కాన్ఫిగరేషన్‌లోనే ఉంటాయని, సేవ్ చేయకపోతే రౌటర్ రీస్టార్ట్ అయినప్పుడు పోతాయని వ్యాసకర్త హెచ్చరించారు. దూరం నుంచి పనిచేసేవారికి ఇదే రక్షణ కూడా: మార్పులకు ముందే ‘రీలోడ్ ఇన్ 10’ (పది నిమిషాల తరువాత రీస్టార్ట్ కావాలనే ఆదేశం) ఇచ్చి ఉంచితే, పొరపాటున కనెక్షన్ తెగిపోయినా పది నిమిషాల్లో రౌటర్ పాత కాన్ఫిగరేషన్‌తో తిరిగి లేస్తుంది, అంతా సవ్యంగా ఉంటే ‘రీలోడ్ క్యాన్సిల్’ ఇచ్చి, ఆ తరువాతే సేవ్ చేయాలి.