సవరణ: పని నమూనా పరీక్షలు, 54 శాతం అన్న లెక్క

అనంతపురం జేఎన్‌టీయూ చివరి సంవత్సరం విద్యార్థులను ఉద్దేశించి ఇంతకుముందు రాసిన టపాలో, ప్రోగ్రామర్ల నియామకంలో అసలు పనిని పోలిన పరీక్ష (పని నమూనా పరీక్ష) పెడితే అభ్యర్థి రేపు ఎలా పనిచేస్తారో 54 శాతం కచ్చితంగా చెప్పవచ్చని పేర్కొన్నాను. అది తప్పు; సహసంబంధ గుణకాన్ని, అంటే పరీక్ష మార్కులు, తర్వాతి పనితీరు ఎంతగా కలిసి మారతాయో చెప్పే అంకెను, శాతంగా చదివాను.

1998లో ష్మిట్, హంటర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 85 ఏళ్ల పరిశోధనలను క్రోడీకరించి పని నమూనా పరీక్షకు ఇచ్చిన గుణకం 0.54. దాన్ని వర్గం చేస్తే, ఉద్యోగుల పనితీరులో కనిపించే తేడాల్లో సుమారు 29 శాతాన్నే ఆ పరీక్ష వివరిస్తుందని తేలుతుంది. పైగా ఆ అంకె కూడా నిలవలేదు. పాత లెక్కల్లో చేసిన గణాంక సర్దుబాట్లు మోతాదు మించాయని 2022లో శాకెట్ బృందం వాదించి, పని నమూనా పరీక్షకు 0.33, ఉద్యోగ పరిజ్ఞాన పరీక్షకు 0.40, అందరినీ ఒకే ప్రశ్నలు అడిగి ఒకే కొలమానంతో మార్కులు వేసే ఇంటర్వ్యూకు 0.42 అని అంచనా కట్టింది. ఇవి రకరకాల ఉద్యోగాలకు కలిపి తీసిన సగటులే తప్ప ప్రోగ్రామర్లకు ప్రత్యేకమైనవి కావు.

క్యాంపస్ నియామకాల్లో కోడింగ్ రౌండ్ దండగ అని నేను అన్నట్టు కొందరు అర్థం చేసుకున్నారు. నా ఉద్దేశం అది కాదు. లింక్డ్ లిస్ట్‌ను (గొలుసులా ఒకదానికొకటి కలిపిన డేటా జాబితాను) తిరగేసే కోడ్‌ను బోర్డు మీద రాయించడం వేరు, తప్పు ఫలితం ఇస్తున్న ప్రోగ్రామ్‌ను చేతికిచ్చి, లోపం ఎక్కడుందో వెతికి సరిచేయమనడం వేరు. పని నమూనా అనదగినది రెండోదే, ఆ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదన్నదే నా మాట.