గుండెకు తగిలే దెబ్బ

(విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. ఆదివారం మధ్యాహ్నం. కోనాం చేప పులుసు తిని ఆయన సోఫాలో చేరగిలబడ్డాడు. ఆవిడ ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. ఎర్ర పెన్నుతో ప్రాక్టికల్ రికార్డులు దిద్దుతోంది. స్టీరియో మోగుతోంది.)

ఆయన: ఇదిగో, ఆ డ్రమ్ము దెబ్బ విన్నావా?

ఆవిడ: డ్రమ్మా? పక్క ఫ్లాట్‌లో ఎవరో పరుపు దులుపుతున్నారనుకున్నాను.

ఆయన: అదే కదా నా ఏడుపు! దెబ్బంటే గుండెకు తగలాలి. సాయంత్రం జగదాంబ దాకా వెళ్ళి, బేస్ మోతకని విడిగా పెట్టే స్పీకరుందే, ఆ పన్నెండంగుళాల సబ్‌వూఫర్ తెచ్చేస్తా.

ఆవిడ: ఉన్న సబ్‌వూఫర్ ఏం పాపం చేసిందండీ?

ఆయన: నాబ్ చివరిదాకా తిప్పేశాను. బుమ్మని గది ఊగుతోంది గానీ దెబ్బ లేదు.

ఆవిడ: ఊగేది గది కాదు, అలమరలో నా స్టీలు గ్లాసులు. దాని మోత ఆగే హద్దు, అదే కటాఫ్, ఎక్కడ పెట్టారు?

ఆయన: 80 హెర్ట్జ్‌లో.

ఆవిడ: అంటే సెకనుకి ఎనభై ఊపులు. ఆ పైన మీ సబ్‌వూఫర్ గొంతు తగ్గించేస్తుంది. మీరడిగే దెబ్బ 80 నుంచి 200, 250 మధ్య ఉంటుంది. అది ఈ రెండు స్పీకర్ల పని. పప్పులో ఉప్పు తగ్గిందని ఇంకో లీటరు పెరుగు తెస్తానన్నట్టుంది మీ వరస.

ఆయన: అబ్బో! మీ శ్రీకాకుళంలో పుట్టగానే హెర్ట్జ్‌లు లెక్కపెట్టడం నేర్పిస్తారు కాబోలు.

ఆవిడ: మా ఊరి జోలికి రాకండి. తప్పెటగుళ్ళు ఆడితే మైకు లేదు, సబ్‌వూఫర్ లేదు. మా తాతయ్య గుండెల మీద తప్పెట కట్టుకుని ఎగిరి ఒక్కటి వేస్తే గుండె అదిరేది.

ఆయన: గుండె మీదే కట్టుకుని కొడితే అదరక చస్తుందా!

(ఆవిడ పెన్ను మూత పెట్టింది. ఈ ఇంట్లో పెన్ను మూత పడిందంటే ఎవరికో మార్కులు తగ్గబోతున్నాయని లెక్క.)

ఆవిడ: సరే, ఇప్పుడు పాడుతున్నాడే, ఆ గాయకుడు ఎక్కడ నిలబడి పాడుతున్నాడో చూపించండి.

ఆయన: ఎక్కడేమిటి, గదంతా! ఎడమా, కుడీ, నా తలవెనకా! దీన్నే సరౌండ్ ఎఫెక్ట్ అంటారు.

ఆవిడ: దాన్ని వైర్లు తిరగబడడం అంటారు. ఉన్నవి రెండు స్పీకర్లు. గొంతు సరిగ్గా ఆ రెంటి మధ్య నుంచి రావాలి. ముందు స్పీకర్లకి కరెంటిచ్చే ఆ యాంప్లిఫయర్, యాంప్ ఆపండి. రెండు తీగలూ ఒకదానికొకటి తగిలితే అది కాస్తా పోతుంది.

(ఫోన్ టార్చి వేసుకుని ఆవిడ కుడి స్పీకర్ వెనక్కి దూరింది. వెనకవైపు ఎరుపు క్లిప్పు, నలుపు క్లిప్పు. వాటిలో దూర్చిన రాగి పోగులు సముద్రపు గాలికి ఆకుపచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. గీత ఉన్న తీగ ఎడమ స్పీకర్‌కి ఎర్ర క్లిప్పులో ఉంది, కుడి స్పీకర్‌కి నల్ల క్లిప్పులో ఉంది.)

ఆవిడ: ఇదిగో. ఒక స్పీకర్ ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది. బేస్ దగ్గరకొచ్చేసరికి ఒకదాని మోత ఇంకోటి మింగేస్తోంది. సబ్‌వూఫర్ ఒక్కటే మిగిలి బుమ్మంటోంది.

ఆయన: సంక్రాంతికి బూజులు దులిపిందెవరు?

ఆవిడ: దులిపింది నేను. ‘వైర్లు ముట్టుకోకు, నీకు తెలీదు’ అని మళ్ళీ పెట్టిందెవరు?

ఆయన: ... ఆ రోజు కరెంటు లేదు.

(చిలుము పట్టిన చివరలు కత్తిరించి, కొత్త రాగి తేల్చి, తీగలు సరిగ్గా పెట్టారు. యాంప్ వేశారు. గాయకుడు బుద్ధిగా మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు.)

ఆయన: పర్లేదు... ఒళ్ళు చేసింది. కానీ ఇంకా కడుపు నిండలేదోయ్.

ఆవిడ: స్పీకర్లను గోడకి మూడడుగులు ముందుకు ఎవరు లాగమన్నారు?

ఆయన: వీడియోలో చెప్పారు. గాలాడాలట.

ఆవిడ: ఉక్కపోస్తోందేటి వాటికి? చూడండి, వెనక్కి పోయిన మోత గోడ దాకా మూడడుగులు, తిరిగి మూడడుగులు, మొత్తం ఆరడుగులు ఎక్కువ నడుస్తుంది. 94 హెర్ట్జ్ దగ్గర అల పొడవు పన్నెండడుగులు. అంటే సగం అల ఆలస్యం. నేరుగా వచ్చే మోతకి ఎదురొచ్చి దాన్ని చెరిపేస్తుంది. మీ డ్రమ్ము దెబ్బ ఉండేదీ అక్కడే.

ఆయన: అయితే గోడకి అంటించేద్దామా?

ఆవిడ: అంటించకండి, బొంగురుపోతుంది. ఓ జానెడు వదలండి. సబ్ నాబ్ సగానికి దించండి, నా గ్లాసులు బతుకుతాయి. ఇక సోఫాలోంచి లేవండి.

ఆయన: సోఫా ఏం చేసిందే!

ఆవిడ: హాలు పొడవు పదహారడుగులు. మీరు కూర్చున్నది ఎనిమిదో అడుగులో. ఈ పొడవుకి 35, 105 హెర్ట్జ్‌లు నడిమధ్యన అడ్రస్ లేకుండా పోతాయి. అస్పందన బిందువు అంటే అదే, ఆ మోత వినబడని చోటు. ఏటా రెండు సెక్షన్ల పిల్లలకి ఇదే చెబుతాను.

ఆయన: సోఫా వెనక డైనింగ్ టేబుల్ పట్టాలని దాన్ని నడిమధ్యకి లాగించింది తమరే!

ఆవిడ: అన్నం తినేటప్పుడు టేబుల్ కావాలా, డ్రమ్ము కావాలా?

(జవాబు చెప్పకుండా ఆయన ప్లాస్టిక్ కుర్చీ తీసుకుని హాలంతా తిరగడం మొదలుపెట్టాడు. వెనక గోడకి ఆనుకుంటే మళ్ళీ బుమ్. మధ్యలో బోలు. అక్కణ్ణుంచి అడుగడుగునా కుర్చీ జరుపుకుంటూ, అదే పాట మళ్ళీ మళ్ళీ పెట్టుకుంటూ పదో అడుగుకు వచ్చి ఆగిపోయాడు. డ్రమ్ము పడింది. ఆయన చెయ్యి దానంతటదే ఛాతీ మీదకి వెళ్ళింది.)

ఆయన: ఇదీ దెబ్బంటే! ఇదీ! ఇక్కణ్ణుంచి కదిలేది లేదు.

ఆవిడ: అది వంటింటి గుమ్మం.

ఆయన: అయితే ఏం? నువ్వు ఆ పక్కనుంచి వెళ్ళు.

ఆవిడ: పక్కన ఫ్రిజ్ ఉందండీ.

ఆయన: ఫ్రిజ్‌ని బెడ్‌రూమ్‌లో పెడదాం.

(ఆవిడ లోపలికెళ్ళి గోరుచిక్కుళ్ళ పళ్ళెం తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది.)

ఆవిడ: ఈనెలు తియ్యండి.

ఆయన: పాట వింటున్నాను కదా!

ఆవిడ: వినండి, ఎవరొద్దన్నారు? దెబ్బకొకటి చొప్పున తుంచండి. సబ్‌వూఫర్ డబ్బులు మిగిలాయిగా, మిక్సీ జార్ పగిలి నెలైంది. చిక్కుళ్ళయ్యాక జగదాంబ వెళ్ళొద్దాం.